గోడకా? రాతికా?

గోడ పక్షం: రీఫ్ ట్యాంకు పెట్టేవాడు రాళ్ళు పేర్చడానికి పడే తంటా ఇంకెందుకూ పడడు. వంపులంటాడు, గుహలంటాడు, చేప దూరే సందులంటాడు. తీరా చూస్తే గాజు గోడలు బోసిగా ఉంటాయి. ముందు గోడ చూడటానికి, సరే. వెనక గోడ మాటేమిటి? నాలుగడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్యాంకులో అదొక్కటే 8 చదరపు అడుగులు. ఆ జాగా నాచుకి వదిలేసి వారం వారం గీకుతూ కూర్చోవడం కంటే, నాలుగు పగడపు ముక్కలు అంటించి ఆ పగడాలకే అప్పగించడం నయం కదా అన్నయ్యా?

రాతి పక్షం: ఖాళీగా కనబడిందల్లా నింపాలని ఎవరన్నారు తమ్ముడూ? బోసిగా ఉన్న గోడకీ పనుంది. దాని వెంట నీళ్ళు తిరుగుతాయి, దాని మీద బ్లేడు నడుస్తుంది, ఏ చేప ఎక్కడుందో తెలుస్తుంది. అసలు తేడా అది కాదు. రాయిని ఎత్తగలను, తిప్పగలను, పక్క ట్యాంకులో పెట్టగలను, నీకు ఇవ్వగలను. గాజు గోడని ఏం చేయగలను? ట్యాంకులో మార్చడానికి వీల్లేనిది అదొక్కటే. నువ్వు సరిగ్గా దాని మీదే, మళ్ళీ ఊడదీయడం కష్టమైన ప్రాణిని తెచ్చి అతికిస్తానంటున్నావు.

గోడ పక్షం: ఊడదీయడం సంగతి తర్వాత. ముందు అంటుకోవడం గురించి మాట్లాడదాం. మీకు అక్కడే అనుమానమని నాకు తెలుసు.

రాతి పక్షం: ఎందుకుండదు? మనం వాడేది సయనోఅక్రిలేట్, అదే సూపర్ గ్లూ. 1942లో కొడాక్‌లో హ్యారీ కూవర్ బృందానికి తగిలిన పదార్థం, 1958లో ఈస్ట్‌మన్ 910 పేరుతో అమ్మకానికొచ్చింది. తడి తగిలితే గట్టిపడే గుణం వల్ల పగడాలు పెంచేవాళ్ళ పాలిట వరమైంది. కానీ అది రాతి మీద వరం. రాతికి రంధ్రాలున్నాయి, గరుకుంది, జిగురు లోపలికి దిగి పట్టేస్తుంది. నున్నటి గాజుకి ఆ ఆసరా ఏదీ? పైగా నీళ్ళలో ఉన్న గాజు మీద కంటికి కనబడని జీవపొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. నువ్వు అంటించేది ఆ పొరకి. దారిన పోయే టర్బో నత్త గుల్ల తగిలిందా, ముక్క ఊడి ఇసుకలో బోర్లా పడుతుంది. పొద్దున చూసేసరికి కింద పడ్డ వైపు పాలిప్‌లు పాడైపోయి ఉంటాయి. ఇంకో పగడం మీద పడితే రెండూ కుట్టుకుంటాయి.

గోడ పక్షం: గాజు మీద ఆ జిగురు కలకాలం నిలవదని నేనే ఒప్పుకుంటాను. నిలవనక్కర్లేదు కూడా. పగడం తన పాదం తాను చాపుకునేదాకా పట్టుకుంటే చాలు, ఆ తర్వాత జిగురుతో పని లేదు. జీవపొర సంగతంటారా, అది అంటించేవాడి బద్ధకాన్ని బట్టి ఉంటుంది. నీళ్ళు మార్చే రోజు మట్టం దించినప్పుడు ఆ చోటు బ్లేడుతో గీకి, తుడిచి, పొడిగా ఉన్నప్పుడే అంటించొచ్చు. నీళ్ళలోనే అంటించాల్సి వస్తే ఒక కిటుకుంది. జెల్ జిగురు బయటికి రాగానే దాని పైన తెల్లటి తోలు కడుతుంది. ఊరికే అద్దితే ఆ తోలే గాజుకి తగులుతుంది, లోపలి జిగురు తగలదు. ముక్కని నొక్కి కొంచెం మెలిపెడితే తోలు చిరిగి జిగురు గాజుని అందుకుంటుంది. ముక్క అతికి ఉన్న ప్లగ్గు కాడని ముందే కత్తిరించేయాలి, లేకపోతే ముక్క గోడకి ఆనకుండా ముందుకి పొడుచుకొచ్చి తన బరువుకి తానే ఊడుతుంది. బరువు కూడా మీరనుకున్నంత ఉండదు. పగడపు అస్థిపంజరం అరగొనైట్. ఉప్పునీళ్ళలో దాని బరువులో మూడో వంతు నీళ్ళే మోస్తాయి.

రాతి పక్షం: ఏ పగడమైనా అంతేనా?

గోడ పక్షం: అబ్బే, కాదు. ఆక్రోపోరా కొమ్మని గోడకి అంటించమని నేను చస్తే చెప్పను. గోడకి పనికొచ్చేవి పాకే జాతులు. గ్రీన్ స్టార్ పాలిప్స్, పొరలా పరుచుకునే మాంటిపోరా, లెప్టాస్ట్రియా, సైఫాస్ట్రియా, మష్రూమ్‌లు. జీనియా అయితే మనం అంటించక్కర్లేదు, తనే ఎక్కి కూర్చుంటుంది.

రాతి పక్షం: పాకే జాతులకైనా వెలుతురు కావాలిగా. దీపం పైన ఉంది. గాలిలోంచి నీళ్ళలోకి దిగే వెలుతురు ఎటునుంచి వచ్చినా కిందికి వంగుతుంది. నీటి పైతలం నిశ్చలంగా ఉంటే, నిట్టనిలువు గీతకి సుమారు 48 డిగ్రీల లోపే అంతా సర్దుకుంటుంది. అంటే నిలువు గోడకి దక్కేది ఏటవాలు వెలుతురే. రాయి వీపు మీద కూర్చున్న పగడానికి నేరుగా దొరికేది, గోడకి కరుచుకున్న దానికి ఓరగా దొరుకుతుంది. పై వరస బతుకుతుంది, కింది వరస గోధుమరంగుకి తిరుగుతుంది. రాతి మీదైతే నచ్చకపోతే జరుపుతాం. గోడ మీద జరపడమంటే చంపి మళ్ళీ నాటడమే.

గోడ పక్షం: జరపడం కష్టమే, కాదనను. కానీ సముద్రంలో పగడాలన్నీ బల్లపరుపు మీదే పెరుగుతున్నాయా? ఇండోనేషియాలో బునాకెన్ దగ్గర రీఫ్ నిట్టనిలువు గోడలా లోతుకి దిగిపోతుంది. ఆ గోడ నిండా పగడాలే. వెలుతురు ఓరగా వస్తోందని అవి పళ్ళేల్లా బయటికి చాపుకుని పెరుగుతాయి. ఇంకో మాట. పగడపు పిల్ల లార్వా దశలో చోటు వెతుక్కునేటప్పుడు బల్లపరుపు పైభాగాన్ని తరచు వద్దనుకుంటుంది. అక్కడ మట్టి పేరుకుంటుంది, మేసే జీవులు తిరుగుతాయి. పక్కలూ, చూరులూ దానికి క్షేమం. మన ట్యాంకులోనూ అంతే. రాతి మీద చేపల మలం, తిండి తుంపులు పేరుకుంటాయి. నిలువు గోడ మీద ఏదీ నిలవదు. మీరు పంపు తిప్పి తిప్పి రాళ్ళ వెనక పోగైన మురికిని లేపాలి, నా గోడ పగడానికి ఆ బెడద లేదు.

రాతి పక్షం: లార్వా వెతుక్కునేది కోరలైన్ నాచు పట్టిన రాతిని, కడిగిన గాజుని కాదు.

గోడ పక్షం: మీ వెనక గోడ మీద ఊదారంగు మచ్చలు ఏమిటనుకున్నారు? అదే కోరలైన్. ఏడాది నిండిన ట్యాంకులో వెనక గాజు సగం రాయిగా మారిపోయినట్టే.

రాతి పక్షం: సగం రాయి, సగం పెచ్చు. ఆ కోరలైన్ పలకలు పలకలుగా ఊడుతుంది, దాని మీదున్న పగడంతో సహా. సరే, దాన్ని పెద్దది చేయను. నీ పక్షాన నేను కాదనలేని మాట ఒకటుంది, నువ్వింకా అనలేదు కాబట్టి నేనే అంటాను. గ్రీన్ స్టార్ పాలిప్స్‌ని రాతి మీద పెట్టినవాడు ఆ రాతిని వాటికి రాసిచ్చినట్టే. ఊదారంగు చాప పరుచుకుంటూ పోయి పక్కనున్న జోయాంథిడ్లని కప్పేస్తుంది, మాంటిపోరా అంచు తొక్కేస్తుంది. అలాంటిదాన్ని రాళ్ళకి దూరంగా వెనక గోడకి పంపేస్తే రాళ్ళ మీద మిగతావి బతికి బట్టకడతాయి. పైగా దానికి గట్టి ఎముక లేదు. గాజు మీద నుంచి అంచు పట్టి లాగితే చాపలాగే లేచి వస్తుంది. ఈ ఒక్క పగడం విషయంలో నీ గోడే సరైన చోటు.

గోడ పక్షం: చాలా పెద్ద మాట ఇచ్చారు.

రాతి పక్షం: పూర్తిగా ఇవ్వలేదు. వెనక గోడకే ఓవర్‌ఫ్లో పెట్టె ఉంటుంది. దాని పళ్ళ సందుల్లోంచి నీళ్ళు కింది సంప్‌లోకి పోవాలి. స్టార్ పాలిప్స్‌కి నీళ్ళ జోరు ఇష్టం, ఆ పళ్ళ దగ్గరే జోరు ఎక్కువ. అటే పాకుతాయి. రెండు పళ్ళు మూసుకుంటే ఏమీ కాదు. పది మూసుకుంటే పై ట్యాంకులో మట్టం పెరుగుతుంది, కింద సంప్‌లో తగ్గుతుంది, తిప్పి పంపే పంపు గాలి పీలుస్తుంది. నీళ్ళు పొర్లి కార్పెట్ దాకా వస్తే అపార్ట్‌మెంటు కింది ఇంటివాళ్ళు తలుపు తడతారు.

గోడ పక్షం: ఓవర్‌ఫ్లో పళ్ళని గీకడం ఎవరికైనా తప్పదు, నాచు పట్టినా మూసుకుపోతాయి. అయినా మీరు గోడని చూసినప్పుడల్లా గీకడమే గుర్తొస్తోంది. నాకు ఇంకోటి గుర్తొస్తుంది. ఫ్లోరిడాలో మోట్ మెరైన్ లేబొరేటరీ ఉంది కదా. అక్కడ డేవిడ్ వాన్ అనే శాస్త్రవేత్త ఓసారి ఎల్క్‌హార్న్ పగడాన్ని ఒక ట్యాంకు నుంచి ఇంకో దానికి మారుస్తున్నాడు. అది ట్యాంకుకి కరుచుకుపోయి ఉంది. లాగితే పుటుక్కున విరిగింది. కొన్ని పాలిప్‌లు ట్యాంకుకే అంటుకుని మిగిలిపోయాయి. చచ్చిపోతాయనుకున్నాడు. కొద్ది రోజులకి చూస్తే అవి మామూలు పగడం కంటే ఎన్నో రెట్లు వేగంగా పెరుగుతున్నాయి. ఇవాళ కరిగిపోతున్న రీఫ్‌లని మళ్ళీ నాటడానికి వాడే సూక్ష్మ ముక్కల పద్ధతి అక్కడ పుట్టింది. ఒకే తల్లి నుంచి తీసిన చిన్న ముక్కల్ని కొంచెం ఎడంగా అంటిస్తే, అవి పెరిగి ఒకదాన్నొకటి తాకి, తమవేనని గుర్తుపట్టి కలిసిపోతాయి. వెనక గోడ మీద మాంటిపోరాని నేను అలాగే పెంచుతాను. ఒక్క పెద్ద ముక్క అంటిస్తే బరువు, ఊడుతుంది. గోరంత ముక్కలు నాలుగు అంటిస్తే ఊడవు, త్వరగా పరుచుకుంటాయి.

రాతి పక్షం: మంచి కథ. కానీ అందులో నా వాదన కూడా ఉంది, చూశావా? ఆయన ఆ పగడాన్ని ఎందుకు లాగాడు? ఇంకో ట్యాంకుకి మార్చాల్సి వచ్చి. మార్చాల్సిన రోజు అందరికీ వస్తుంది. మనలాంటివాళ్ళకి మరీ త్వరగా వస్తుంది. ప్రాజెక్టు డల్లాస్‌లో అయిపోతే సియాటిల్ అంటారు, లీజు ముగిస్తే ఇల్లు మారాలి. రాళ్ళనీ వాటి మీది పగడాలనీ బకెట్లలో సర్దుకుని పోవచ్చు. ట్యాంకుని నీళ్ళతో ఎత్తలేం. నీళ్ళు తీశాక గోడ మీది పగడం గాలిలో వేలాడుతుంది. ఏం చేస్తావు, గీకి పారేస్తావా?

గోడ పక్షం: గీకి, ముక్కలు చేసి, మళ్ళీ ప్లగ్గుల మీద అంటిస్తాను. ముక్క చేయడం పగడానికి కొత్త కాదు, తుఫానులో సముద్రమూ అదే చేస్తుంది.

రాతి పక్షం: పొరలా పరుచుకున్న మాంటిపోరాని బ్లేడుతో లేపితే ముక్కలు కావు, పెంకులవుతాయి. సగం పోతుంది. మార్చగలగడం అంటే నేను తేలిగ్గా అనడం లేదు తమ్ముడూ. ఈ అభిరుచి నిలబడిందే దాని మీద. బెర్లిన్‌లో డైట్రిక్ స్ట్యూబర్ పెంచిన ఆక్రోపోరా నుంచి తీసిన ముక్కలు యూరప్ నిండా, అక్కడి నుంచి అమెరికా దాకా పాకాయి. ఒక ట్యాంకులో పోయినా ఇంకో ట్యాంకులో ఉంటుంది. 2018లో ఇండోనేషియా పగడాల ఎగుమతి ఆపేసింది, 2020లో పెంపకపు పగడాలకి మళ్ళీ తెరిచింది. ఆ మధ్యకాలంలో మనం ఎలా గడిపాం? ఒకరి ట్యాంకులోది ఇంకొకరు కోసి ఇచ్చుకుని. నా దృష్టిలో ప్లగ్గు మీదున్న పగడం నలుగురిదీ. గోడ మీద ఉన్నది ఆ గోడది.

గోడ పక్షం: అంచు నుంచి చిప్ప విరిచి ఇవ్వడానికి గోడ అడ్డం కాదు. కానీ మీ మాటలో నాకు నచ్చనిది ఇంకోటుంది. ప్రతి పగడం ఎప్పుడైనా తీయడానికి, ఇవ్వడానికి, అమ్మడానికి సిద్ధంగా ఉండాలంటారు. అలాంటి ట్యాంకుల్ని నేను చాలా చూశాను. తెల్లటి ప్లగ్గులు వరసగా, ఒక్కోదానికీ ఒక్కో పేరు, ఒక్కో ధర. అది రీఫ్ కాదండీ, దుకాణంలో అల్మరా. పగడం స్థిరంగా ఒకచోట కూర్చుని చుట్టూ ఉన్నదాన్ని మార్చే జీవి. చేప కదులుతుంది, నత్త కదులుతుంది, పగడం కదలదు. దాన్ని కదలనివ్వకపోవడమే దానికి మర్యాద. గోడకి పెట్టినప్పుడు నేను ఒక మాట ఇస్తున్నాను, ఇక నిన్ను జరపను అని.

రాతి పక్షం: మాట ఇవ్వడం బాగుంది. నిలబెట్టుకోగలిగేవాడివేనా అన్నది నీ ఇంటి యజమాని చేతిలో ఉంది.

గోడ పక్షం: అదొక్కటీ నిజం.

రాతి పక్షం: కిందటిసారి ఇండియా వెళ్ళినప్పుడు మా మేనల్లుడు ఇవే అడిగాడు, విశాఖలో రీఫ్ ట్యాంకు పెడతానని. గట్టి పగడాలు అక్కడ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో ఉన్నాయిరా, రాతికైనా గోడకైనా నువ్వు అంటించకూడదు అని చెప్పాను. మన వాదులాట ఇక్కడే, పెంపకం ముక్కలు బిల్లుతో కొనే చోటే చెల్లుతుంది.

గోడ పక్షం: అది ముందే చెప్పాల్సింది. మనల్ని విని అక్కడెవరైనా మొదలుపెడితే పాపం మనకే. సరే, ఇప్పుడు గీకడానికి రండి. బ్లేడు పెడితే గాజుకి గీతలు పడతాయంటారుగా మీవాళ్ళు. పగడపు అరగొనైట్ గాజు కంటే మెత్తన. గాజుని గీసేది పగడం కాదు, మాగ్నెట్ క్లీనర్‌లో ఇరుక్కున్న ఇసుక రేణువు. అడుగున ఇసుక పెట్టుకుని గోడ గీకే మీకే గీతలు ఎక్కువ.

రాతి పక్షం: ఆ లెక్క అక్రిలిక్ ట్యాంకుకి వర్తించదు.

గోడ పక్షం: అక్రిలిక్‌కి నేను అసలు అంటించను. దాన్ని గీకడానికి ఉక్కు బ్లేడు పనికిరాదు, ప్లాస్టిక్ బ్లేడుకి పగడం లొంగదు. అక్కడ మీరే గెలిచారు.

రాతి పక్షం: గాజు దగ్గర కూడా ఒకదానికి జవాబు చెప్పు. జోయాంథిడ్లు గోడకి పాకాయి అనుకో. వాటిలో, ముఖ్యంగా పాలిథోవా జాతుల్లో, పాలిటాక్సిన్ ఉండొచ్చు. 1971లో హవాయిలో వేరుచేసిన విషం, దానికి విరుగుడు లేదు. రాయి మీద ఉంటే రాయిని బయటికి తీసి, జాగ్రత్తగా పని చేస్తాం, లేదా ఆ రాయినే వదిలించుకుంటాం. గోడ మీద అయితే ముఖం ట్యాంకు మీదికి వంచి, చెయ్యి భుజం దాకా ముంచి, బ్లేడుతో చితక్కొట్టాలి. తుంపర కంట్లో పడితే? చేతి మీద చిన్న గాటు ఉంటే? వేడినీళ్ళు పోసి వదిలిద్దామనుకుని ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాల వివరాలు వైద్య పత్రికల్లోకి ఎక్కాయి.

గోడ పక్షం: దీనికి నా దగ్గర జవాబు లేదు. జోయాంథిడ్లు గోడకి వద్దు. అవి వాటంతట అవి పాకితే మొదటి పాలిప్ దగ్గరే ఆపాలి, కళ్ళకి అద్దాలు, చేతికి పొడుగు గ్లవ్స్ వేసుకుని. రాతి నుంచి తెంపేటప్పుడు కూడా అంతే జాగ్రత్త కావాలి, అది మాత్రం మర్చిపోకండి.

రాతి పక్షం: మరి మధ్యేమార్గం ఎందుకు పట్టవు? వెనక గోడకి సరిపడా పీవీసీ పలక కోసి, బయట ఒకటి లోపల ఒకటి మాగ్నెట్లు పెట్టి నిలబెట్టు. పలక గరుకు చేస్తే జిగురు పట్టుకుంటుంది. నీకు గోడ నిండా పగడం, నాకు తీయగలిగే గోడ.

గోడ పక్షం: ఆలోచించాను. పలకకీ గాజుకీ మధ్య సందులో నీళ్ళు నిలిచిపోతాయి, మురికి చేరుతుంది. నియోడిమియం మాగ్నెట్ పై పూత పగిలితే లోపల ఉప్పునీళ్ళలో తుప్పు పడుతుంది. రెండేళ్ళకి పగడం పెరిగి పలక బరువెక్కితే మాగ్నెట్ జారుతుంది. జారిన రోజున ఒక ముక్క కాదు, మొత్తం గోడే కూలుతుంది.

రాతి పక్షం: పూత సంగతి నిజమే, ఏడాదికోసారి తీసి చూడాలి. తీసి చూడగలం కదా, అదే నేననేది.

గోడ పక్షం: తీసి చూడగలిగేది గోడ కాదు, నిలబెట్టిన రాయి. మీరు మళ్ళీ మీ రాతికే వచ్చారు. నేను గాజుకే పెడతాను. వెనక గోడకే, స్టార్ పాలిప్స్, మాంటిపోరా వరకే. ఓవర్‌ఫ్లోకి దూరంగా, మూలల్లో సిలికాన్ అతుకు నుంచి నాలుగు వేళ్ళు వదిలి.

రాతి పక్షం: వదిలేది నువ్వు. ఆ నాలుగు వేళ్ళ హద్దు పగడానికి ఎవరు చెబుతారు?

గోడ పక్షం: ప్రతివారం నేనే చెబుతాను, బ్లేడుతో.

రాతి పక్షం: అయితే అతుకు దగ్గర మాత్రం ఉక్కు బ్లేడు వాడకు. లోపలి సిలికాన్‌కి గాటు పడితే పైన కొత్త సిలికాన్ పూసి సరిపెట్టలేవు. గట్టిపడిన పాత సిలికాన్‌కి కొత్తది సరిగ్గా అంటదు. ట్యాంకు ఖాళీ చేసి, పాతదంతా గీకి, మళ్ళీ మొదటి నుంచి వేయాల్సిందే.